నూతిఎర్ర

ఆవపిండి కలిపిన నీళ్ళు పోసిన తరువాత నేల కాసేపు ఆలోచిస్తుంది.

మూరెడు పొడవు, మూరెడు వెడల్పు. నాలుగు మూలల నాలుగు పుల్లలు, పుల్లల చుట్టూ కొబ్బరితాడు. ఆ చదరంలో పచ్చని నీరు ఇంకుతుంది, నురగ చిట్లుతుంది, మట్టి ముడుచుకుంటుంది. ఆ పైన, మట్టే కదులుతున్నదా అన్నట్టు వానపాములు పైకి వస్తాయి. ఘాటుకు తాళలేక వస్తాయి. తల ఏదో, తోక ఏదో తెలియని తొందరతో, ఒకదాని మీద ఒకటిగా, వెలుగును తాకి వెనుకకు తగ్గుతూ వస్తాయి.

నేరెళ్ళవలస ఆడవాళ్ళు తొమ్మిదిమంది ఆ కార్తీకమాసంలో ఈ పని చేశారు. ఎవరూ కూలి ఇస్తామనలేదు, వాళ్ళూ అడగలేదు. కనుమల పాదం నుంచి సముద్రపు ఒడ్డు దాకా నాలుగువందల ఊళ్ళలో, ఏ నేలలో ఏ జాతి వానపాము ఉన్నదో వెతికి, ఒక పటం గీయాలని నగరంలోని ఒక పరిశోధనశాల తలపెట్టింది. ఊరూరా స్వచ్ఛందంగా వచ్చేవాళ్ళు కావాలన్నది. నేరెళ్ళవలసకు ఆ కబురు తెచ్చింది ఆ ఊరి పిల్లే. పేరు హేమలత, వయసు ఇరవైనాలుగు, పరిశోధనశాలలో సహాయకురాలు. గట్టిగా మాట్లాడితే గాలికి దెబ్బ తగులుతుందేమో అన్నట్టు మాట్లాడే పిల్ల.

మొదటి సోమవారం నాడు, పైడమ్మ పొలంలో, అన్నిటికంటే ఆలస్యంగా ఒక వానపాము పైకి వచ్చింది. జానెడు వచ్చింది, మూరెడు వచ్చింది, ఇంకా వస్తూనే ఉంది. నీలం పులుముకున్న నలుపు. బొటనవేలంత లావు.

"ఇది నూతిఎర్ర," అంది పైడమ్మ. వానపామును ఆ ఊళ్ళో ఎర్ర అంటారు. పైడమ్మకు అరవై దాటాయి. ఆ పొలం ఆమెది, ఆమె భర్త సన్యాసినాయుడిది. "నుయ్యి పూడిక తీసినప్పుడు ఇయి అగుపించీవని మా మావ సెప్పీవోడు. నానెప్పుడూ సూడనేదు."

"ఇది గేలానికి గుచ్చితే సేప కాదప్పా, పడవే వొచ్చి పడతాది," అంది పక్కనున్న ఈరమ్మ. అందరూ నవ్వారు. హేమలత కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

చేతికి తొడుగులు వేసుకుని ఆమె ఆ పామును కడిగింది, ఒక పెట్టె మీదనున్న గాజుగిన్నెలో పెట్టి మూత వేసింది. పెట్టె తుమ్మెదలా సన్నగా మోగింది. దాని పేరు జఠరదర్శిని. ఊరి ఆడవాళ్ళు దానిని పొట్టపెట్టె అన్నారు. పాముకు నొప్పి కలగకుండా దాని పేగులోని మట్టిని నలుసంత తీసుకుంటుంది. ఆ మట్టిలో ఏ వేరు కుళ్ళింది, ఏ ఆకు రాలింది, ఏ ప్రాణి ఎప్పుడు కలిసిపోయింది, అన్నీ అక్షరాలై ఉంటాయి. పెట్టె పొలం గట్టున చెప్పేది పాము పేరొక్కటే. నలుసును నగరానికి పంపితే అక్కడి పెద్దయంత్రం మిగతాదంతా చదువుతుంది.

తరువాత హేమలత సంచిలోంచి తొమ్మిది చిన్న సీసాలు తీసింది.

"మా ఉమ్మెందుకమ్మా మీకు?" అని ఈరమ్మ అడిగింది. "మా పొట్టలో ఏటుందో కూడా సూత్తారేటి?"

"లేదు పిన్నీ. మీ చేతి చెమట, మీ వెంట్రుక ఈ మట్టిలో పడతాయి కదా. యంత్రం మట్టిలో మనిషి ఉన్నాడంటుంది. ఆ మనిషి మీరేనని తెలిస్తే మిమ్మల్ని అందులోంచి తీసేస్తాం. అందుకే."

ఎనిమిదిమంది ఒకరి చాటున ఒకరు, కొంగు చాటున సీసా, నవ్వు చాటున సిగ్గు పెట్టుకుని, ఉమ్మి ఇచ్చారు. తొమ్మిదవ మనిషి పైడమ్మ. ఆమె సీసాను చూసింది, చేతులు వెనక్కి కట్టుకుంది.

"నానివ్వను. ఈ దినం నాకు సోమారం ఉపాసం. పొద్దుగూకి సుక్క కనిపించీదాకా పచ్చిమంచినీళ్ళు ముట్టను. నోరు ఎంగిలి సేసుకోమంటావేటి? అందరెంగిలీ ఒక్క పెట్టెలో వేత్తే నా నోము మిగుల్తాదా?"

ఆ నోము ఎందుకో ఊరందరికీ తెలుసు. ఆమె ఒక్కగానొక్క కొడుకు పారినాయుడు పందొమ్మిదేళ్ళ కిందట తండ్రితో గొడవపడి ఇల్లు విడిచి పోయాడు. మళ్ళీ కబురు లేదు. అప్పటినుంచి ప్రతి కార్తీక సోమవారమూ ఆమె కడుపు కాల్చుకుంటుంది. వాడు ఉన్నచోట వాడికి అన్నం దొరకాలని.

"ఒక్క చుక్క చాలు పెద్దమ్మా," అంది హేమలత.

"రేపు రా."

రేపు జీపు ఇంకో ఊరికి పోవాలి. ఆ మాట చెప్పి రెండోసారి అడగాలి. పెద్దవాళ్ళను రెండోసారి అడగడం హేమలతకు పుట్టినప్పటినుంచీ చేతకాదు. ఆమె జీపు వెనుకకు వెళ్ళింది. పేర్ల వరుసలో ఏడవ సీసా ఖాళీగా ఉంది. దాని మీద పైడమ్మ పేరు ముందే రాసి ఉంది. తీసివేతకే కదా, ఇంక దేనికీ కాదు కదా అనుకుంది. అటూ ఇటూ చూసి, మూత తీసి, తనే ఉమ్మింది.

*

మూడు వారాల తరువాత పెద్దయంత్రం నేరెళ్ళవలసకు వచ్చింది. అంటే నేరెళ్ళవలస మట్టి యంత్రంలోకి వచ్చింది.

ఆ ఉదయం పరిశోధనశాలలో పండుగలా ఉంది. నూతిఎర్ర చుక్కలు గోడ మీది పటంలో ఒక్కొక్కటీ వెలుగుతున్నాయి. ప్రయోగం నడిపే డాక్టర్ విశాలాక్షి ఆ చుక్కల ముందు కాఫీ గ్లాసుతో నిలబడి ఉంది.

"చూశావా హేమలతా, ఇది ఎక్కడపడితే అక్కడ లేదు. ఒక్కొక్క ఊళ్ళో ఒక్కటే చుక్క. పాత రెవెన్యూ పటాలు పక్కన పెట్టి చూశాను. ప్రతి చుక్కా ఒక పూడిపోయిన నుయ్యి. పైనంతా దున్నేసినా, అడుగున మట్టి ఇంకా వదులుగానే ఉంటుంది. ఇది ఆ దారిలో ఇరవై అడుగులు దిగుతుంది, మళ్ళీ పైకి వస్తుంది. మనుషులు మర్చిపోయిన నూతుల్ని ఈ పాము మర్చిపోలేదు."

"మా ఊళ్ళోది పైడమ్మ పెద్దమ్మ పొలంలో దొరికింది మేడమ్."

"అదే చదువుతున్నాను. విను." తెర మీద వరుసలు ఒకదాని కింద ఒకటి దిగుతున్నాయి. "వరి. గంటి. నువ్వు. తుంగ. నత్త. ఇదేమిటి, యాపిల్!" డాక్టరు పగలబడి నవ్వింది. "కొండ కింద ఊళ్ళో యాపిల్ ఏమిటమ్మా? మన కుర్రాళ్ళలో ఎవరో టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకుని గిన్నె తెరిచారు. కల్తీ అని రాసి కొట్టెయ్యి."

హేమలత కలం తీసి కాగితం మీద ఆ వరుస కొట్టివేసింది.

తరువాతి వరుస దిగింది. దాని కింద ఇంకొక వరుస దిగలేదు.

మనిషి. పురుషుడు. ఎముక. స్వచ్ఛంద సేవకుల నమూనాలతో తీసివేత జరగలేదు. ఏడవ నమూనాతో సగం సరిపోయింది. సంబంధం: తండ్రి గాని, కొడుకు గాని, తోబుట్టువు గాని.

కాఫీ గ్లాసు బల్ల మీద దిగిన చప్పుడు వినిపించింది.

"చెమట కాదిది," అంది డాక్టరు. "వెంట్రుక కాదు. ఎముక. ఆ నూతిలో మనిషి ఉన్నాడు. ఏడో సీసా ఎవరిది?"

"పైడమ్మ అని రాసి ఉంది మేడమ్," అంది హేమలత.

అబద్ధం చెప్పలేదు. రాసి ఉన్నదే చదివింది.

"వాళ్ళ నాన్న?"

"ఊరంతా చూస్తుండగా చితి మీద కాల్చారు. నేను చిన్నప్పుడు."

"అన్నదమ్ములు?"

"లేరు."

"కొడుకులు?"

హేమలత నోరు తెరిచింది. నోటిలో తడి లేదు. "ఒకడు. ఇల్లు విడిచి వెళ్ళాడంటారు," అంది ఎవరి గొంతుతోనో.

డాక్టరు ఫోను అందుకుంది. చట్టప్రకారం పోలీసులకు చెప్పవలసినదే. ఆ మాటలు ఒక చెవిలో పడుతుండగా హేమలత కిటికీ వైపు తిరిగి వేళ్ళు మడిచింది. తనకు అన్న లేడు. తమ్ముడు లేడు. కడుపున బిడ్డ లేడు. సగం రక్తం పంచుకున్నవాడు లోకంలో ఒక్కడే ఉన్నాడు. అతను కూర్మయ్య, తన తండ్రి. తనకు రెండేళ్ళప్పుడు, తుఫాను పట్టిన రోజున, తల్లితో గొడవపడి అండమాన్ కూలికి వెళ్ళిపోయినవాడు. సముద్రం అవతల ఇంకొక ఇల్లు కట్టుకుని ఉంటాడని ఊరు నమ్మినవాడు. ఇరవైరెండేళ్ళుగా తల్లి ఒక్కొక్క తిట్టే తిని, ఒక్కొక్క తిట్టే తాగి బతికించుకున్నవాడు.

వెళ్ళలేదు. ఇంటికి అరమైలు దూరంలో ఉన్నాడు.

ఆమె చెప్పాలనుకుంది. నాలుక పైకి లేవలేదు. సాయంత్రం చెబుదామనుకుంది, ఉదయం చెబుదామనుకుంది. ఆ లోపల నేరెళ్ళవలసలో చావు తప్పు గుమ్మం ఎక్కి కూర్చుంది.

*

తొమ్మిదవ రోజున డాక్టరు ఆమెను ఊరికి పంపింది. తవ్వకానికి ముందు పైడమ్మ దగ్గర ఇంకొక నమూనా కావాలి. ఈసారి పోలీసు ముద్ర ఉన్న సీసా.

అప్పటికి ఊరు మారిపోయి ఉంది. పందొమ్మిదేళ్ళ కిందట కళ్ళంలో తండ్రీ కొడుకులు తగవుపడినప్పుడు సన్యాసినాయుడు అరిచిన మాట ఎవరూ మరిచిపోలేదు. నిన్ను నరికి ఈ పొలంలోనే పాతెత్తాను అన్నాడు. ఏ తండ్రైనా అనే మాటే. అప్పుడు విన్నవాళ్ళు నవ్వారు. ఇప్పుడు ఆ మాటే సాక్ష్యమై కూర్చుంది. పోలీసులు అతన్ని రెండు రోజులు ఉంచుకుని పంపారు. పూడిన నూతి చుట్టూ పసుపు పట్టీ కట్టారు. ఈరమ్మ కూడా ఆ ఇంటి ముందుగా నడవడం మానేసింది.

పైడమ్మ పొయ్యి వెలిగించి తొమ్మిది రోజులైంది. గడపలో కూర్చుని ఉంది. సీసా చూసి చెయ్యి చాచింది.

"తే గుంటా. ఎంత కావాలి?"

"ఒక్క చుక్క పెద్దమ్మా."

"ఆ దినం ఇవ్వనన్నాను. ఆడి కోసమే నోము పట్టి, ఆడి కోసమడిగితే ఇవ్వనన్నాను." ఆమె సీసాను నోటికి ఆనించుకుంది. నోరు ఎండిపోయి ఉంది. మూడుసార్లు ప్రయత్నించింది, నాలుక తడుముకుంది, మళ్ళీ ప్రయత్నించింది. "ఉండు, వొస్తాది. నా కొడుక్కి కదా, వొస్తాది."

హేమలత తలవంచుకుని నిలబడింది.

పశువులశాల అరుగు మీదనుంచి సన్యాసినాయుడు పిలిచాడు. పైడమ్మ అతనితో మాట్లాడడం మానేసినప్పటినుంచి అతను అక్కడే ఉంటున్నాడు. గడ్డం మాసి ఉంది. ఎదుట ఎవరో పెట్టిపోయిన గంజి మీద మీగడ కట్టి ఉంది.

"నానొక్క మాట అడుగుతాను, సెప్పమ్మా. ఆ పెట్టె అబద్దమాడుతాదేటి?"

"యంత్రం అబద్ధమాడదు పెద్దయ్యా."

"ఆడదు కదా." అతను తల ఊపాడు. "ఆ దినం కర్రట్టుకుని ఆడి మీదకెల్లినాను. ఆడు పొలంకేసి పరిగెట్టినాడు. నానెనకాలే పరిగెట్టినాను. అక్కడిదాకా గ్యాపకముంది. తాగున్నాను మరి. ఆ పైన ఇంటికెలాగొచ్చినానో ఎరగను. ఇన్నాళ్ళూ ఆడెల్లిపోనాడనుకున్నాను. పెట్టె కాదంటుంది. అంత సదువుకున్నోళ్ళు కాదంటన్నారు. నానే సేసీసినానేమో."

"అలా అనకండి పెద్దయ్యా."

"సేసే ఉంటాను. నుయ్యి నానే పూడిపించినాను, అక్కడి మట్టి మెత్తనని నాకు తెల్సు కదా. రేత్రీ పగలూ అదే సూత్తన్నాను. ఆడి మొకం అగుపిస్తంది, నా సెయ్యి అగుపిస్తంది. అగుపించినాది నిజం కాకపోతే మరేటి?" అతను లేచి తుండు దులిపి భుజాన వేసుకున్నాడు. "ఇంక తవ్వీదాకా ఆగను. ఇప్పుడే టేసనుకెల్లి నానే సంపీసినానని సెప్పెత్తాను. బేగి తవ్వుతారు. మీ పెద్దమ్మకి ఆడి బొమికలైనా దక్కుతాయి. మూడు పిండాలు పెట్టుకుంటాది."

అతను అరుగు దిగాడు. ఒక అడుగు వేశాడు, రెండవ అడుగు వేశాడు.

చేయని పని ఒప్పుకోబోతున్న ఆ ముసలివాణ్ణి హేమలత చూసింది. ఆమె అడ్డంగా వెళ్ళి నిలబడింది.

"ఆ సీసాలో ఉమ్మి పెద్దమ్మది కాదు."

మాట ఎంత చిన్నగా వచ్చిందంటే సన్యాసినాయుడు వినలేదు. ఆమె మళ్ళీ చెప్పవలసి వచ్చింది. రెండోసారి చెప్పడం ఆమె జీవితంలో అదే మొదటిసారి.

"పెద్దమ్మ ఉపవాసమంది. ఇంకోసారి అడగడానికి నాకు సిగ్గేసింది. పెద్దమ్మ పేరున్న సీసాలో నేనే ఉమ్మేశాను. యంత్రం అబద్ధమాడలేదు పెద్దయ్యా, నేనాడాను. అక్కడున్నది మీ పారినాయుడు కాదు."

గడపలోనుంచి పైడమ్మ లేచింది. పట్టుకున్న సీసా పట్టుకున్నట్టే ఉంది.

"కాదా? మావోడు కాడా?"

"కాడు పెద్దమ్మా."

ముసలిదాని ముఖంలో ఏదో పొంగింది. పెదవుల దాకా పొంగి, అక్కడే ఆగిపోయింది. ఆమె కళ్ళు హేమలత ముఖం మీద నిలిచాయి. నుదుటి మీద, ముక్కు మీద, ఎవరి పోలికో వెతుకుతున్నట్టు మెల్లగా తిరిగాయి.

"నీ ఉమ్మైతే," అంది. ఆ మాట పూర్తి చేయలేదు. "ఓలమ్మ. కూర్మయ్యా."

సన్యాసినాయుడు ఉన్నచోటనే మట్టిలో కూలబడ్డాడు.

"తుఫానుకి నూతి ఒర జారిపోనాది," అన్నాడు. ఎవరితోనూ కాదు. "పశువులు పడతాయని మూడో దినం పూడిపించినాను. పదారు బండ్ల సెరువుమట్టి. నానే దగ్గరుండి తోయించినాను. తొంగి సూడనేదు. దాని మీద ఇరవై రెండేళ్ళు నువ్వులు సల్లినాను." అతను తన రెండు అరచేతులూ తిప్పి చూసుకున్నాడు. "తిన్నాం కూడాను."

*

హేమలత డాక్టరుకు ఫోను చేసింది. ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

"నాలుగువందల ఊళ్ళు," అంది డాక్టరు. "మూడువేల ఆరువందల సీసాలు. ఒక సీసా మీది పేరు అబద్ధమని తెలిస్తే మిగతా వాటిని ఎవరు నమ్ముతారు? నేనే నమ్మను. పటమంతా చించెయ్యాలి, తెలుసా?"

"తెలుసు మేడమ్."

"తెలిసి ఎందుకు చేశావు?"

"అప్పుడు తెలియదు మేడమ్. అడగడానికి సిగ్గేసింది."

తన ఉద్యోగం పోయిందని హేమలతకు అర్థమైంది. ఆ క్షణాన అదేమంత పెద్ద విషయంగా తోచలేదు.

"ఇంకో సీసా తీసుకో," అంది డాక్టరు. గొంతు కరుకుగానే ఉంది. "ఈసారి నీ పేరు రాయి."

*

రెండు రోజుల తరువాత, పదమూడవ అడుగు దగ్గర, పార ఆగింది.

హేమలత తల్లి రాజులమ్మ అక్కడికి వెళ్ళలేదు. కూతురు చెప్పినప్పుడు ఆమె ఏడవలేదు, అరవలేదు, నమ్మనని కూడా అనలేదు. చింతపండు పిక్కలు తీస్తున్న చెయ్యి ఆగింది, అంతే. అండమాన్‌లో ఉన్నవాడి పేరున నుదుటి మీద బొట్టు ఉంది, చేతులకు గాజులు ఉన్నాయి. వాటి వైపు ఒకసారి, వేరెవరివో చూసినట్టు చూసింది. అప్పటినుంచి గోడకు ఆనుకుని కూర్చునే ఉంది.

ఆ ఇంట పొయ్యి వెలగలేదు. చావు వచ్చిన ఇంట వెలిగించరు. మధ్యాహ్నం పైడమ్మ వచ్చింది. కొంగు చాటున అన్నం గిన్నె, దాని మీద పప్పుచారు తపేళా. పదకొండు రోజులు చల్లారిన తన పొయ్యి మీద ఆమె వండిన మొదటి అన్నం అది. వీధికి ఆ పక్క ఇంట్లోంచి చావు ఈ పక్క ఇంటికి వచ్చింది; దాని వెనుకే అన్నం వచ్చింది.

"తిను రాజులూ. ఒక ముద్ద."

రాజులమ్మ పళ్ళెం వంక చూడలేదు. "అప్పా, ఆ నూతి పక్కనుంచే కదా రోడ్డుకెల్లీ దారి?"

"అవును."

"ఎల్లినా అదే దారి, వొచ్చినా అదే దారి."

"అవునే. అదొక్కటే దారి."

"ఎల్తా పడ్డాడా, వొస్తా పడ్డాడా?"

పైడమ్మకు అర్థం కాలేదు. హేమలతకూ అర్థం కాలేదు. రాజులమ్మ కూతురి వైపు తిరిగింది. ఇరవైరెండేళ్ళలో ఎన్నడూ చెప్పనిది చెప్పింది.

"నీకు జరమే గుంటా. నాలుగు దినాలు నోట్లో ఏటీ పెట్టనేదు. పెడితే కక్కీదానివి. పండు ఏదైనా పెట్టి సూడమన్నాడు డాకటేరు. అండమాను మేస్త్రీ జీపు అప్పుడే రోడ్డు మీదికొచ్చి ఆగింది. ఈడు ఎల్తానంటాడు. పిల్లనీలాగొగ్గేసి ఎల్తావేటని నాను. మాటకి మాట పెరిగినాది. పిల్లకొక్క యాపిలుపండు తేనేనోడివి, నువ్వు అండమానెల్తే నాకేటి, ఏట్లో పడితే నాకేటి అనీసినాను. తుండు బుజానేసుకుని ఎల్లిపోనాడు. గాలీ వానా అప్పుడే మొదలైనాయి. జీపెక్కీసినాడనుకున్నాను. ఇన్నేళ్ళూ తిట్టినాను. తింటన్నప్పుడు తిట్టినాను, తొంగున్నప్పుడు తిట్టినాను." ఆమె గొంతు అక్కడ ఆగింది, మళ్ళీ మొదలైంది. "జీపుకెల్తా పడ్డాడంటే నన్నొగ్గీసి ఎల్తా సచ్చినాడు. మీ పొట్టపెట్టెకి అది తెల్సా? అన్నీ సెప్తాది కదా. అది సెప్తాదా?"

చెప్పదు అనబోయింది హేమలత. పేగులోని మట్టికి దిక్కు ఉండదు. ఎముక ఎటు నడిచిందో ఏ యంత్రమూ చదవలేదు. పోలీసులూ చెప్పలేకపోయారు. నూతిలో పడ్డవాడి ముఖం ఎటున్నా, నుయ్యి గుండ్రంగానే ఉంటుంది.

ఆమె నోరు తెరిచింది.

పరిశోధనశాల తెర మీద దిగిన వరుసలు ఒకదాని తరువాత ఒకటి మళ్ళీ కళ్ళ ముందు దిగాయి. వరి. గంటి. నువ్వు. తుంగ. నత్త. ఆ తరువాత డాక్టరు గారి నవ్వు. ఆ తరువాత తన చేతి కలం, తన చేతితో తాను కొట్టివేసిన గీత. కనుమల నుంచి సముద్రం దాకా నాలుగువందల ఊళ్ళలో ఏ దొడ్లోనూ కాయని కాయ. ఎవరి టిఫిన్ డబ్బాలోనుంచీ పడనిది.

"వస్తూనే అమ్మా," అంది హేమలత. ఆమె గొంతు ఇల్లంతా వినిపించింది, వీధిలోకి వినిపించింది.

"నీకెలాగ తెల్సు?"

"పండు తెచ్చాడు."

రాజులమ్మ కూతురిని చూసింది. పైడమ్మను చూసింది. తరువాత, పిలిచిన చప్పుడు ఆలస్యంగా వినబడినదానిలా, మెల్లగా తల తిప్పి, మధ్యాహ్నపు ఎండలో తెరిచి ఉన్న గుమ్మం వైపు చూసింది.